ఒకే చిట్టా, మూడు ఆవర్జాలు

మీ ల్యాప్‌టాప్‌లో నోట్స్ ఫోల్డర్‌ని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఫైనల్, ఫైనల్ 2, న్యూ ఫైనల్, ఇదే ఫైనల్ అనే పేర్లతో వర్డ్ ఫైళ్లు. వాట్సాప్‌లో వచ్చి దిగబడిపోయిన పీడీఎఫ్‌లు. ఎవరి ల్యాబ్ రికార్డో తెలియని ఫొటోలు. మన బ్రాంచ్‌లో అందరిదీ ఇంచుమించు ఇదే సంసారం. నాది ఏడాదిన్నరగా కొంచెం వేరే. ఒకే ఫోల్డర్, అందులో అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లు. ఆపరేటింగ్ సిస్టమ్స్ నోట్స్, డీబీఎంఎస్ ల్యాబ్, ఈ పత్రిక కోసం రాసుకునే ముక్కలు, మెస్ లెక్కలు, మా తాతయ్య కొట్టు పుస్తకాల ఎత్తుగడ అన్నీ అక్కడే ఉంటాయి. రాయడానికి ఒకటే చోటు. బయటకి వెళ్లడానికి మాత్రం మూడు దార్లు. ఏ ఫైలు ఏ దారిన ఎవరి దగ్గరకి వెళ్లాలో చెప్పే 60 లైన్ల కాన్ఫిగరేషన్ ఒకటుంది. దాని గురించే ఈ వ్యాసం.

కాన్ఫిగరేషన్ మీద వ్యాసమేంటమ్మా అని తిప్పేయకండి. ఆ 60 లైన్లలో ఒక్క లైన్ మీద మా ఇంట్లో మూడు వారాలు వాదన నడిచింది.

ముందు సామాను సంగతి. నేను వాడేది ఈమాక్స్ అనే ఎడిటర్. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో గ్నూ ఈమాక్స్‌ని విడుదల చేసినప్పుడు మా నాన్న ఐదో తరగతి. అంత పాతది. అందులో ఆర్గ్ మోడ్ అని ఒక భాగం ఉంది. దాన్ని 2003లో మొదలుపెట్టింది కార్‌స్టెన్ డొమినిక్ అనే ఆయన. వృత్తి రీత్యా ప్రోగ్రామర్ కాదు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఖగోళ శాస్త్రవేత్త. తన నోట్సూ, పనులూ సర్దుకోవడానికి రాసుకున్నాడు. ఆర్గ్ ఫైల్లో హెడింగ్ పెట్టాలంటే లైన్ మొదట్లో నక్షత్రం గుర్తు పెట్టాలి. ఒక నక్షత్రం అంటే పెద్ద హెడింగ్, రెండు అంటే దాని కింది హెడింగ్. ఖగోళం ఆయన కాబట్టి నక్షత్రాలు అనుకున్నాను గానీ కాదట, ఆ పద్ధతి ఈమాక్స్‌లో అంతకుముందే ఉన్న ఔట్‌లైన్ మోడ్‌ది. కొంచెం నిరాశపడ్డాను.

అంతా మామూలు టెక్స్టే కాబట్టి నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది. ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత ఈమాక్స్ ఉన్నా లేకపోయినా ఆ ఫైళ్లు చదువుకోవచ్చు. అసలు విశేషం ఎక్కడంటే ఎగుమతిలో. అదే ఫైలుని వెబ్ పేజీగా, పీడీఎఫ్‌గా, ఇంకా చాలా రకాలుగా మార్చి ఇస్తుంది. ఒక్కో ఫైలు కాదు, ఫోల్డర్లకి ఫోల్డర్లు ఒకేసారి మార్చి, తీసుకెళ్లి పెట్టాల్సిన చోట పెట్టే భాగాన్ని మొదట రాసింది డేవిడ్ ఓటూల్. దాని పేరు ఆర్గ్ పబ్లిష్. దానికి మనం ఒక లిస్ట్ ఇవ్వాలి, ఆర్గ్-పబ్లిష్-ప్రాజెక్ట్-ఆలిస్ట్ అని. ఆ లిస్ట్‌లో ఒక్కో ప్రాజెక్టుకీ ఒక పేరు, ఆ పేరు కింద జతలు జతలుగా వివరాలు. ఎక్కడి నుంచి తీసుకోవాలి, అది బేస్-డైరెక్టరీ. ఎక్కడికి చేర్చాలి, అది పబ్లిషింగ్-డైరెక్టరీ. ఏ రూపంలోకి మార్చాలి, అది పబ్లిషింగ్-ఫంక్షన్. ముఖ్యమైనవి ఈ మూడే. మిగతావన్నీ తాలింపు.

నా మొదటి ప్రాజెక్టు మీలో కొంతమంది వాడుతున్నదే, క్లాస్ నోట్స్. క్లాస్ అనే ఫోల్డర్లో ఉన్న ప్రతి ఆర్గ్ ఫైలూ వెబ్ పేజీ అవుతుంది. బొమ్మలు, స్టైల్ షీట్ లాంటివి మార్చాల్సిన పని లేదు, ఉన్నవి ఉన్నట్టు కాపీ అయితే చాలు. కాబట్టి వాటికి ఇంకో చిన్న ప్రాజెక్టు, అటాచ్‌మెంట్ అనే ఫంక్షన్‌తో. ఈ రెండిటినీ కలిపి కాంపొనెంట్స్ అని మూడో పేరు కింద కట్టేస్తే ఆ ఒక్క పేరు చెప్తే రెండూ నడుస్తాయి. ఆటో-సైట్‌మ్యాప్ అని ఒక మాట రాస్తే విషయసూచిక అదే తయారుచేసుకుంటుంది. మిడ్స్ ముందు రోజు రాత్రి మీరు "అక్కా, యూనిట్ 3 పెట్టావా" అని మెసేజ్ చేస్తారే, అప్పుడు నేను చేసేది కంట్రోల్-సి, కంట్రోల్-ఇ, పెద్ద పి, ఎక్స్, ప్రాజెక్టు పేరు. అంతే. మారిన ఫైళ్లు మాత్రమే మళ్లీ తయారవుతాయి, ఎందుకంటే ఏ ఫైలు ఎప్పుడు పబ్లిష్ అయిందో అది ఒక పక్కన రాసుకుంటుంది.

రెండో ప్రాజెక్టు తెలుగుది. ఇది అంత సులువుగా తెగలేదు. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. పదో తరగతి దాకా తెలుగు సెకండ్ లాంగ్వేజ్, ఇంటర్‌లో మనందరిలాగే మార్కుల కోసం సంస్కృతం. అంటే పదిహేనేళ్లకే నాకూ తెలుగుకీ అధికారికంగా సంబంధం తెగిపోయింది. మన క్లబ్‌లో చేరాక మళ్లీ రాయడం మొదలుపెట్టాను, ఈమాక్స్‌లోనే. అందులో తెలుగు టైప్ చేయడానికి ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ పద్ధతులు రెండూ లోపలే ఉన్నాయి. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ తోడైంది, ఒత్తులూ గుణింతాలూ పేర్చిపెట్టే పని దానిది.

పీడీఎఫ్ దగ్గర మాత్రం లాటెక్ ఇంజిన్ మార్చక తప్పదు. ఆర్గ్ మామూలుగా వాడే పీడీఎఫ్‌లాటెక్‌తో తెలుగు పని జరగదు, జీలాటెక్ గానీ లువాలాటెక్ గానీ కావాలి, ఒక యూనికోడ్ తెలుగు ఫాంట్ చెప్పాలి. క్లాస్ నోట్స్‌కి ఆ అవసరం లేదు. అందుకే ఇంజిన్‌ని అందరికీ కలిపి మార్చకుండా ఈ ఒక్క ప్రాజెక్టు కిందే రాశాను. ఇక్కడే నాకు ప్రాజెక్టులు విడిగా ఉండటం ఎందుకో మొదటిసారి సరిగ్గా అర్థమైంది. ఒకరికి నప్పిన ఏర్పాటు ఇంకొకరి మీద రుద్దక్కర్లేదు. (ఫాంట్ల కోసం వెతుకుతుంటే గిడుగు, గురజాడ, సురవరం, తెనాలి రామకృష్ణ అనే పేర్లు కనిపించాయి. అవన్నీ ఫాంట్లే! తెలుగు పాఠంలో కవి పరిచయాలు బట్టీపట్టిన మన తరానికి వాళ్లు డ్రాప్‌డౌన్ మెనూలో ఎదురవడం ఒక వింత.)

తెలుగు రాసేవాళ్లకి పనికొచ్చే ఇంకో సంగతి, పోతూ పోతూ చెప్పేస్తాను. ఆర్గ్‌లో ఒక మాటని బోల్డ్ చేయాలంటే దానికి రెండు వైపులా నక్షత్రం పెడతాం. రెండో నక్షత్రం తర్వాత ఖాళీ గానీ కామా లాంటి గుర్తు గానీ ఉండాలి. ఇంగ్లిష్‌కి సరిపోతుంది. తెలుగులో విభక్తి మాటకి అతుక్కునే వస్తుంది కదా. చిట్టా అనే మాట ఒక్కటే బోల్డ్ చేసి పక్కనే "లో" అని రాస్తే ఆ నక్షత్రాలు నక్షత్రాలుగానే మిగిలిపోతాయి. మధ్యలో జీరో విడ్త్ స్పేస్, అంటే కంటికి కనిపించని ఖాళీ, ఒకటి పెడితే సర్దుకుంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్న మనిషికి మన "లో", "కి", "తో" సంగతి ఎలా తెలుస్తుంది పాపం.

ఇక మూడోది.

మా తాతయ్యకి రేపల్లె దగ్గర మా ఊళ్లో కిరాణా కొట్టు ఉండేది. కిందటేడు కార్తీకంలో ఆయన పోయారు. కొట్టు అంతకు చాలా ముందే మూసేశారు గానీ పుస్తకాలు మాత్రం ఇనప్పెట్టెలో అలాగే ఉన్నాయి. సంవత్సరీకానికి వచ్చే బంధువులకి ఏదైనా చేతిలో పెట్టాలని బాబాయ్ అన్నాడు. స్టీలు గిన్నెల కంటే తాతయ్య పుస్తకాల్లోంచి కొన్ని పేజీలు ఎత్తి రాసి ఒక చిన్న పుస్తకం వేద్దామన్నాను. నాన్న సరే అన్నాడు. ఎత్తి రాసే పని నాది.

ఆ పుస్తకాలు రెండు రకాలు. ఒకటి చిట్టా. ఏ రోజు ఏం జరిగిందో జరిగిన వరసలో అందులో ఎక్కుతుంది. పొద్దున ఒకావిడ కందిపప్పు సోలెడు, తర్వాత ఒకాయన కిరసనాయిలు, మధ్యాహ్నం రేపల్లె నుంచి బెల్లం దిమ్మెలు, సాయంత్రం ఎవరో కట్టిన మూడు రూపాయలు. అంతా కలగాపులగం. రెండోది ఆవర్జా. అందులో మనిషికో పేజీ. రాత్రి కొట్టు కట్టేశాక తాతయ్య చిట్టా ముందు పెట్టుకుని ఒక్కో పద్దుని ఎవరి పేజీలోకి వాళ్లకి ఎక్కించేవారట. చిట్టా ఆయన కోసం. ఆవర్జా పేజీ మాత్రం అడిగితే ఆ మనిషికి చూపించేది. మీ లెక్క ఇదీ అని తిప్పి ఎదుట పెట్టేవారు, పక్క పేజీ మీద అట్టముక్క కప్పి.

సి.ఎస్.ఈ. చదివే వాళ్లకి దీన్ని ఇంకా విడమర్చి చెప్పక్కర్లేదు. ఒకే సోర్స్, చాలా అవుట్‌పుట్‌లు, ఒక్కోదానికీ ఒక్కో పాఠకుడు. ఆ అట్టముక్క కూడా.

చదవడం మొదట్లో కొండెక్కినట్టే ఉండేది. పాత చిట్టాల్లో అంకెలు తెలుగువి. ౨, ౩ పర్లేదు, పోల్చుకోవచ్చు. ౧ సున్నాకి మూత తీసినట్టుంటుంది. ౬, ౯ తాతయ్య చేతిరాతలో అన్నదమ్ములు. కొలతలు సరేసరి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. అంటే దాదాపు బైనరీ. ఈ మాట చెప్తే నాయనమ్మ "అదేంటో నాకు తెలీదు గానీ, మీ తాతకి తప్పు పోయేది కాదు" అంది. ప్రతి ఆదివారం ఫోన్లో పేజీ ఫొటో పెద్దది చేసుకుని నేను కూడబలుక్కుంటూ చదవడం, ఆవిడ సరిచేయడం. మేం అంత సేపు మాట్లాడుకోవడం నాకు ఊహ తెలిశాక అదే మొదలు.

అలా 1977 చిట్టాకి వచ్చాం. నవంబర్ 18 దాకా మామూలే. 19న దివిసీమ ఉప్పెన. పది వేలకి పైగా మనుషులు పోయిన రోజు. మా ఊరు కృష్ణకి ఇవతలి వైపు, సముద్రానికి కాస్త ఎడంగా. కెరటం రాలేదు కానీ గాలికి పాకలు లేచిపోయాయట. నాన్నకి అప్పుడు రెండేళ్లు, ఆయన్ని ధాన్యం గాదెలో కూర్చోబెట్టి మూత వారగా పెట్టారట. చిట్టాలో ఆ రోజు నుంచి ఐదు రోజులు ఖాళీ. ఆరో రోజు నుంచి మళ్లీ పద్దులు మొదలయ్యాయి, కానీ వేరే రకంగా. పేరు ఉంటుంది. వస్తువు ఉంటుంది. బియ్యం మానికెడు, అగ్గిపెట్టె, కిరసనాయిలు, ఉప్పు. ధర గడి మాత్రం ఖాళీ. అలా సంక్రాంతి దాకా 41 పేర్లు. ఆవర్జా తీసి చూశాను. ఆ 41 మందిలో చాలామందికి పేజీలు ఉన్నాయి. ఆ వారాల పద్దులు మాత్రం ఒక్కటి కూడా ఎక్కలేదు.

బాబాయ్‌కి ఈ సంగతి చెప్పగానే పుస్తకంలో ఇదే ముఖ్యమైన అధ్యాయం అన్నాడు. నిజమే. పేర్లతో సహా వేయాలన్నాడు. అక్కడ మొదలైంది.

నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఆ పేర్లెందుకే ఇప్పుడు? వాళ్ల మనవలు మీతోపాటే బళ్లో చదివారు. పెళ్లిళ్లలో పక్కన కూర్చుని భోంచేస్తాం."

"అమ్మా, తప్పేముంది ఇందులో? నాన్న ఎంతమందికి ఇచ్చాడో నలుగురికీ తెలియొద్దా? పేర్లు లేకపోతే సాక్ష్యమేంటి?" అని బాబాయ్.

"ఒరేయ్, ఆయన సాక్ష్యానికి రాసుకోలా. సరుకు ఎంత మిగిలిందో చూసుకోవడానికి రాసుకున్నాడు."

నాన్న ఎప్పటిలాగే ఇద్దరికీ తలూపాడు. అత్త బాబాయ్ వైపు. అసలు ఆ అధ్యాయమే తీసేద్దాం, గొడవ ఉండదు అని పెదనాన్న. మూడు వారాలు ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగ్ ఫొటోలు కూడా ఆగిపోయాయి.

నాకు బాబాయ్ మాటలో న్యాయం లేదనిపించలేదు. ఆయన తండ్రి గురించి గర్వంగా చెప్పుకోవాలనుకుంటున్నాడు, అంతే. కానీ నేను ఆవర్జా చూశాను కదా. ఆ పద్దులు ఎవరి పేజీకి ఎక్కాలో ఎక్కకూడదో తాతయ్య 1977లోనే తేల్చేసుకున్నారు. చిట్టాలో ఉంచారు, ఆవర్జాకి ఎక్కించలేదు. ఆయన పెట్టుకున్న కాన్ఫిగరేషన్‌ని 48 ఏళ్ల తర్వాత నేను మార్చడం ఏంటి? అలాగని పేర్లు చెరిపేయడానికీ మనసొప్పలేదు. నాయనమ్మ తర్వాత ఆ 41 మంది ఎవరో చెప్పగలిగేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

ఆర్గ్‌లో దీనికి వీలున్న చోటు ఒకటుంది. హెడింగ్ కింద ప్రాపర్టీస్ అని మొదలుపెట్టి ఎండ్ అని ముగించే చిన్న సొరుగు పెట్టుకోవచ్చు. ఈ హెడింగ్‌కి సంబంధించిన వివరాలు దాంట్లో పడేయొచ్చు. ఫైల్లో ఉంటాయి, వెతికితే దొరుకుతాయి, కానీ పబ్లిష్ చేసినప్పుడు మామూలుగా బయటకి రావు. రావాలంటే విత్-ప్రాపర్టీస్ అని ఒక ఆప్షన్ ఉంది, దాన్ని అవును అనాలి. నేను ఒక్కో పద్దునీ ఒక చిన్న హెడింగ్ చేశాను, తేదీతో. దాని కింద ఏం తీసుకెళ్లారో ఒక లైన్. పేరు, ఇంటి పేరు, ఏ వీధి అన్నవి సొరుగులో. తర్వాత ఒకే ఫోల్డర్ మీద రెండు ప్రాజెక్టులు. "పుస్తకం" అనేది అందరికీ, పీడీఎఫ్. "ఇల్లు" అనేది నాయనమ్మకి, పెద్దక్షరాల వెబ్ పేజీ, ప్రింటు తీయడానికి. రెండిటికీ అక్షరాల సైజు, రూపం తప్ప ఉన్న అసలు తేడా ఒక్క లైన్, విత్-ప్రాపర్టీస్. నేను మొదట్లో చెప్పిన లైన్ ఇదే.

నోఎక్స్‌పోర్ట్ అనే ట్యాగ్ పెడితే సరిపోయేది కదా అని మన క్లబ్‌లో ఒక సీనియర్ అడిగింది. ఆ ట్యాగ్ పెడితే హెడింగ్‌తో సహా కింద ఉన్నదంతా పోతుంది. పెదనాన్న అన్నట్టు అధ్యాయమే లేకుండా పోయేది. నాకు కావాల్సింది మానికెడు బియ్యం కనిపించాలి, పట్టుకెళ్లిన చెయ్యి కనిపించకూడదు.

ఇంకో ప్రశ్న కూడా అడిగింది, మంచి ప్రశ్న. ఒక్క లైన్ మీద అంత నమ్మకమేంటి? అందుకే ఒక ఉత్తుత్తి ఫోల్డర్ చేసి, సినిమా వాళ్ల పేర్లు పెట్టి, అది ఎక్కడెక్కడ కారుతుందో వెతికాను. ఎవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే ఈ భాగం శ్రద్ధగా చదవండి, మిగతాది వదిలేసినా పర్లేదు.

ప్రాజెక్టులో మనం ఏం రాసినా, ఫైల్ లోపల రాసిన ఆప్షన్‌దే పైచేయి. ప్రాజెక్టు సొరుగు మూయమంటుంది, ఫైలు మొదట్లో ఎక్కడో సొరుగు తెరవమని ఒక ఆప్షన్ లైన్ ఉంటే, తెరుచుకుంటుంది. అందుకని ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లలో ఆప్షన్ లైన్లు ఉండకూడదని నియమం పెట్టుకున్నాను, ఒక చిన్న స్క్రిప్ట్ అది చూసి పెడుతుంది. తర్వాత, మారిన ఫైళ్లే మళ్లీ తయారవుతాయి అన్నాను కదా, కాన్ఫిగరేషన్ మారితే ఫైలు మారినట్టు కాదు. ఇవాళ సొరుగు మూసి పబ్లిష్ చేస్తే, ఫైలు ముట్టుకోలేదు కాబట్టి నిన్నటి పేజీ అలాగే, పేర్లతోనే కూర్చుని ఉంటుంది. కంట్రోల్-యు కొట్టి అన్నీ బలవంతంగా మళ్లీ తయారు చేయించాలి. ఒక ఫైలుని ప్రాజెక్టులోంచి తప్పించినా దాని పాత పేజీని ఆర్గ్ వెళ్లి చెరపదు, మనమే తుడవాలి. నేను పుస్తకం ప్రాజెక్టు నడిపే ముందు చేరవేసే ఫోల్డర్‌ని మొత్తం ఖాళీ చేస్తాను. చాదస్తం అనుకోండి.

ఒకే ఫోల్డర్ మీద రెండు ప్రాజెక్టులు ఉన్నప్పుడు "ఈ ఫైలుని పబ్లిష్ చెయ్" అంటే ఏ ప్రాజెక్టు కింద చేస్తుంది? లిస్ట్‌లో ముందు ఏది దొరికితే దాని కింద. కాబట్టి పేర్లు లేని ప్రాజెక్టు ముందు, ఉన్నది తర్వాత. ఇల్లు ప్రాజెక్టుని ఎప్పుడూ పేరు పెట్టి పిలిచే నడుపుతాను.

అన్నిటికంటే పెద్ద చిల్లు ఫొటోలు. పేజీల ఫొటోల్లో పేర్లు తాతయ్య చేతిరాతలోనే ఉన్నాయి, ఏ సొరుగూ వాటిని మూయదు. అటాచ్‌మెంట్ ప్రాజెక్టుకి జేపీజీ అని చెప్తే ఉన్న ఫొటోలన్నీ మోసుకుపోతుంది. అందుకే అక్కడ ఎక్స్‌క్లూడ్ కింద అన్నీ వద్దని రాసి, ఇంక్లూడ్ కింద రెండే ఫొటోలు పెట్టాను. కొట్టు ముందు తాతయ్య నిలబడ్డది, చిట్టా అట్ట. ఇంక్లూడ్‌లో రాసినది ఎక్స్‌క్లూడ్‌ని దాటుకుని వస్తుంది. ఇక సోర్స్ ఫోల్డర్. మన అలవాటు ప్రకారం ప్రతిదీ గిట్‌హబ్‌కి తోసేస్తాం. క్లాస్ నోట్స్ సోర్స్ అక్కడే ఉంది, ఉండనీయండి. ఈ ఫోల్డర్ మాత్రం ఎక్కడికీ పోదు, నా ల్యాప్‌టాప్‌లోనూ నాన్న పెన్‌డ్రైవ్‌లోనూ తప్ప. బయటకి వెళ్లేది అవుట్‌పుట్ మాత్రమే. పబ్లిష్ చేసిన పీడీఎఫ్‌లో 41 పేర్లనీ వెతికి ఒక్కటి దొరికినా ఎర్రగా అరిచే పది లైన్ల పైథాన్ కూడా రాశాను. పీడీఎఫ్‌లోంచి తెలుగు బయటకి లాగితే అక్షరాలు అటూ ఇటూ అవుతాయి కాబట్టి దాని మీద పూర్తిగా ఆధారపడకుండా ప్రింటుకి ఇచ్చే ముందు నేనూ నాన్నా ఒకసారి కళ్లతో చదివాం.

ఇదంతా బాబాయ్‌కి చెప్పడం ఎలా? సొరుగు, ప్రాపర్టీ అంటే ఆయన వినడు. దసరాకి ఇంటికి వెళ్లినప్పుడు 1977 చిట్టా, ఆవర్జా రెండూ ఆయన ముందు పెట్టాను. "బాబాయ్, నువ్వే వెతుకు. ఈ 41 పద్దుల్లో ఒక్కటి ఆవర్జాలో చూపించు, పేర్లు వేసేద్దాం" అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. గంటన్నర. మధ్యలో అత్త టీ తెచ్చి అక్కడే నిలబడిపోయింది. చివరికి ఆవర్జా మూసి, "సరే, నీ ఇష్టం. కానీ 41 అని అంకె మాత్రం వెయ్యి" అన్నాడు. వేశాం. అధ్యాయం మొదట్లో, విడిగా ఒక లైన్‌లో.

సంవత్సరీకం నాటికి 60 కాపీలు వచ్చాయి. 32 పేజీలు, పిన్ను కొట్టినవి. వచ్చినవాళ్లలో ఆ 41 ఇళ్ల వాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, నాయనమ్మకి తెలుసు. భోజనాల దగ్గర ఒక పెద్దాయన ఆ అధ్యాయం తెరిచి చాలాసేపు చూసి, మడిచి పై జేబులో పెట్టుకున్నాడు. ఆయన ఎవరని ఎవరూ నన్ను అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు.

ఇల్లు ప్రాజెక్టు ప్రింటు ఒక్కటే తీశాను, నాయనమ్మకి. ఆవిడ దాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంది అనుకున్నాను. పోయిన ఆదివారం ఫోన్ చేస్తే తెలిసింది, పెన్ను పట్టుకుని కూర్చుందట. పద్దుల పక్కన రాస్తోంది. "ఇది తీరిపోయిందే చిన్నీ, అతను మన పాకకి కప్పు వేసిచ్చాడు. ఈవిడ మీ నాన్నకి జొరమొస్తే పది రోజులు చూసుకుంది. ఇది కూడా తీరిందే." తాతయ్యకి చెప్పలేదా అంటే, "ఆయనకి తెలుసు. రాయడం మానేశాడు, అంతే."

చిక్కేంటంటే, ఆవిడ రాస్తున్నది అవుట్‌పుట్ మీద. నేను మళ్లీ పబ్లిష్ చేసి కొత్త ప్రింటు ఇస్తే అందులో అవేవీ ఉండవు. కాబట్టి ఆవిడ చెప్తుంటే ఫైల్లోకి ఎక్కించుకుంటున్నాను, ప్రతి సొరుగులోనూ కొత్తగా ఒక లైన్, "తీరింది" అని, పక్కన ఎలా తీరిందో. ఇప్పటికి 17 అయ్యాయి. మిగతా 24 ఫోన్లో చెప్పనంటోంది, సంక్రాంతికి రమ్మంది.